లినక్స్‌లో వాతావరణ కేంద్రం సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే: వీవెక్స్ ఇన్‌స్టాలేషన్ చిక్కులు విప్పే సమగ్ర మార్గదర్శి

ఇన్‌స్టాల్ పూర్తయిందని టెర్మినల్ చెబుతుంది. సర్వీసు నడుస్తోందని, లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ చెబుతుంది. బ్రౌజర్‌లో మాత్రం ఖాళీ పేజీ. ఈ దశలో చాలామంది అన్నీ తీసేసి మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేస్తారు. నన్నడిగితే అన్నిటికంటే పనికిరాని చికిత్స అదే. ప్యాకేజీని తీసేసినా సెట్టింగుల ఫైలు, డేటాబేసు చాలాసార్లు డిస్కులోనే ఉండిపోతాయి. లోపం వాటిలో ఉంటే రెండోసారీ అక్కడే ఉంటుంది. పైగా రెండోసారి వేరే పద్ధతిలో ఇన్‌స్టాల్ చేస్తే, ఒక చిక్కు కాస్తా రెండవుతుంది.

వీవెక్స్ అనేది పైథాన్‌లో రాసిన ఉచిత ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్. ఇంటి కప్పు మీదో పెరట్లోనో ఉండే వాతావరణ పరికరం నుంచి కొలతలు తీసుకుని, డేటాబేసులో దాచి, వెబ్ పేజీలు తయారు చేస్తుంది. కొలత ఆ పేజీ దాకా చేరాలంటే కొన్ని మెట్లు ఎక్కాలి: తీగ, కెర్నల్ (పరికరాలతో మాట్లాడే లినక్స్ మూలభాగం), అనుమతులు, డ్రైవర్ (మీ పరికరం భాష తెలిసిన ప్రోగ్రాము), సెట్టింగులు, డేటాబేసు, నివేదికలు, వెబ్ సర్వర్. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే. కింది మెట్టు సరిగా ఉందని రుజువు కాకుండా పై మెట్టును ముట్టుకోకూడదు.

ఒక చిన్న సూచన. ఇక్కడ కమాండ్‌లను, ఫైళ్ల పేర్లను పలికే తీరులో తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. వీవెక్స్ అంటే డబ్ల్యూ, ఈ, ఈ, డబ్ల్యూ, ఎక్స్. నేపథ్యంలో నడిచే ప్రోగ్రాము పేరుకు చివర డీ చేరి వీవెక్స్‌డీ అవుతుంది. నిర్వహణకు వాడే కమాండ్ వీసీటీఎల్, అంటే డబ్ల్యూ, ఈ, ఈ, సీ, టీ, ఎల్.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ కాపీయో తేల్చుకోండి

అయిదో వెర్షన్ నుంచి ఇన్‌స్టాల్ చేయడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ. రెండోది పిప్, అంటే పైథాన్ సొంత ఇన్‌స్టాలర్‌తో, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అనే విడి ఫోల్డర్‌లో పెట్టుకోవడం. పాత వెర్షన్లలో ఉన్న సెటప్.పీవై పద్ధతి ఇప్పుడు లేదు. వీ_కాన్ఫిగ్, వీ_డివైస్, వీ_ఎక్స్‌టెన్షన్ లాంటి పాత కమాండ్‌లు కూడా లేవు, వాటి పనులన్నీ వీసీటీఎల్ కిందికి వచ్చాయి. "కమాండ్ నాట్ ఫౌండ్" అని వస్తే, మీరు పాత వెర్షన్ కోసం రాసిన సూచనలను అనుసరిస్తున్నారేమో చూసుకోండి.

ప్యాకేజీ పద్ధతిలో ఫైళ్లు వ్యవస్థ అంతటా పరుచుకుంటాయి. సెట్టింగులు /ఈటీసీ/వీవెక్స్/వీవెక్స్.కాన్ఫ్ లో, డేటాబేసు /వార్/లిబ్/వీవెక్స్/వీవెక్స్.ఎస్‌డీబీ లో, వెబ్ పేజీలు /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/హెచ్‌టీఎంఎల్/వీవెక్స్ లో ఉంటాయి. పిప్ పద్ధతిలో అన్నీ మీ హోమ్ డైరెక్టరీలోని వీవెక్స్-డేటా అనే ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. డేటాబేసు అందులోని ఆర్కైవ్‌లో, పేజీలు పబ్లిక్_హెచ్‌టీఎంఎల్‌లో.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఒక చోట ఫైలు మార్చి, ఇంకో చోటి కాపీ మారలేదని జుట్టు పీక్కునేవాళ్లు చాలామంది. ఏ ఫైలు వాడుకలో ఉందో ఊహించనక్కర్లేదు. వీవెక్స్ మొదలైన ప్రతిసారీ తాను ఏ సెట్టింగుల ఫైలు తెరిచిందో, ఏ పైథాన్ వెర్షన్‌తో నడుస్తోందో లాగ్‌లో, అంటే తన పనుల చిట్టాలో, రాస్తుంది. మీరు సవరించిన ఫైలూ అక్కడ కనిపించే ఫైలూ ఒకటేనా అన్నదే మొట్టమొదటి తనిఖీ.

లాగ్‌లో మూడు మైలురాళ్లు

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ వీవెక్స్
సుడో జర్నల్‌సీటీఎల్ -యు వీవెక్స్ -ఎన్ 200

మొదటి కమాండ్ సర్వీసు బతికి ఉందో లేదో చెబుతుంది. అంతకుమించి దాని మాట నమ్మకండి. అసలు కథ రెండోదానిలో ఉంటుంది. కొన్ని ఇన్‌స్టాలేషన్లలో లాగ్ /వార్/లాగ్/వీవెక్స్ ఫోల్డర్‌లోకి కూడా వెళుతుంది, జర్నల్‌లో ఏమీ దొరక్కపోతే అక్కడ చూడండి.

లాగ్‌ను కింది నుంచి పైకి కాకుండా, చివరిసారి మొదలైన చోటు నుంచి కిందికి చదవండి. పైథాన్ లోపం వచ్చినప్పుడు ట్రేస్‌బ్యాక్ అనే పొడవాటి వరుస పడుతుంది. అందులో చివరి పంక్తి ఏం జరిగిందో చెబుతుంది, పైన ఉన్నవి ఎక్కడ జరిగిందో చెబుతాయి. చివరి పంక్తి చాలు అనుకోకండి, అది మొదటి లోపానికి పర్యవసానం కావచ్చు. మొదట కనిపించిన లోపాన్నే పట్టుకోండి.

వెతకాల్సిన మైలురాళ్లు మూడు. మొదటిది "స్టార్టింగ్ మెయిన్ ప్యాకెట్ లూప్" అనే పంక్తి. అది రాకముందే ఆగిపోతే లోపం పరికరంలో, అనుమతుల్లో, డ్రైవర్‌లో లేదా సెట్టింగుల్లో ఉంది. రెండోది "యాడెడ్ రికార్డ్" అని తేదీ, సమయంతో వచ్చే పంక్తి. మొదటిది వచ్చి ఇది రాకపోతే పరికరం నుంచి కొలతలు రావడం లేదు, లేదా డేటాబేసు వాటిని తీసుకోవడం లేదు. మూడోది "జనరేటెడ్" అంటూ ఎన్ని ఫైళ్లు తయారయ్యాయో చెప్పే పంక్తి. అది కూడా వచ్చి పేజీ కనిపించకపోతే వీవెక్స్ తన పని తాను చేసింది, ఇక చూడాల్సింది వెబ్ సర్వర్‌ను.

వివరాలు చాలకపోతే వీవెక్స్.కాన్ఫ్ పైభాగంలోని డీబగ్ విలువను 1 చేసి సర్వీసును మళ్లీ మొదలుపెట్టండి.

సగానికి కోసే పరీక్ష: సిమ్యులేటర్

వీవెక్స్‌తో పాటు సిమ్యులేటర్ అనే డ్రైవర్ వస్తుంది. ఏ పరికరమూ లేకుండా కల్పిత కొలతలను తయారు చేస్తుంది. దీనికి మారి చూస్తే సమస్య పరికరం వైపు ఉందా, సాఫ్ట్‌వేర్ వైపు ఉందా అన్నది కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది:

వీసీటీఎల్ స్టేషన్ రీకాన్ఫిగర్ --డ్రైవర్=వీవెక్స్.డ్రైవర్స్.సిమ్యులేటర్

సిమ్యులేటర్‌తో అన్నీ సవ్యంగా నడిస్తే పైథాన్, డేటాబేసు, నివేదికలు, వెబ్ సర్వర్ అన్నీ నిర్దోషులే. దానితో కూడా నడవకపోతే తీగలు, పోర్టుల జోలికి వెళ్లి ప్రయోజనం లేదు.

రెండు జాగ్రత్తలు. పరీక్షకు ముందు అసలు డేటాబేసు ఫైలును పక్కకు తీసి దాచండి, పరీక్ష అయ్యాక సిమ్యులేటర్ సృష్టించిన ఫైలును చెరిపేయండి. లేకపోతే కల్పిత కొలతలు మీ రికార్డుల్లో కలిసిపోతాయి, ఆ ఏడాది గరిష్ఠ ఉష్ణోగ్రత ఎప్పటికీ అబద్ధమే చెబుతుంది. రెండోది, ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు అడిగే ప్రశ్నలకు ఎంటర్ కొట్టుకుంటూ పోయినవాళ్లు సిమ్యులేటర్‌తోనే మిగిలిపోవచ్చు. పేజీ నిండా నున్నటి వక్రరేఖలు, చక్కటి అంకెలు. బయట ఎండ మండుతుంటే పేజీలో చల్లగా ఉందంటే ముందు డ్రైవర్ పేరు చూడండి.

తీగ, కెర్నల్

యూఎస్‌బీ పరికరమైతే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ నడపండి. తీగ పీకి ఒకసారి, పెట్టి ఒకసారి నడిపి రెండు జాబితాలను పోల్చండి. కొత్తగా చేరిన పంక్తే మీ పరికరం. పేరు చూసి కంగారు పడనక్కర్లేదు. ఫైన్ ఆఫ్‌సెట్ తరహా యూఎస్‌బీ కేంద్రాల గుర్తింపు సంఖ్య 1941:8021. అదే సంఖ్యను ఒక బొమ్మ క్షిపణి ప్రయోగ యంత్రం కూడా వాడుకుంది, అందుకే ఎల్ఎస్‌యూఎస్‌బీ వాతావరణ కేంద్రం పేరు పక్కనే "మిసైల్ లాంచర్" అని కూడా చూపుతుంది. మీ పెరట్లో ఆయుధాలేమీ లేవు. యాక్యురైట్ కన్సోళ్లలో 24సీ0:0003 అనే సంఖ్య కనిపిస్తుంది.

జాబితాలో ఏమీ చేరకపోతే సాఫ్ట్‌వేర్‌ను మరిచిపోండి. తీగ మార్చండి, హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కు పెట్టండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే, డేటా తీగలు లేని కేబుళ్లు కూడా ఉంటాయని మరవకండి. రాస్ప్‌బెరీ పై లాంటి చిన్న బోర్డుల్లో విద్యుత్తు చాలకపోతే డీమెసేజ్ (డీ, ఎం, ఈ, ఎస్, జీ) కమాండ్ చూపే కెర్నల్ లాగ్‌లో "అండర్-వోల్టేజ్" అనే హెచ్చరిక కనిపిస్తుంది. అది కనిపించిందంటే మంచి అడాప్టర్ కొనేదాకా మిగతా ప్రయత్నాలన్నీ వృథా.

డేవిస్ వాంటేజ్ లాంటి సీరియల్ పరికరాల కథ వేరు. వీటి యూఎస్‌బీ లాగర్‌లో సీపీ210ఎక్స్ అనే మార్పిడి చిప్ ఉంటుంది, తరచుగా కనిపించే గుర్తింపు సంఖ్య 10సీ4:ఈఏ60. కెర్నల్ దీన్ని గుర్తించి /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 అనే పోర్టును ఇస్తుంది. ఇక్కడ ఒక విచిత్రమైన చిక్కు ఉంది. డీమెసేజ్‌లో పోర్టు వచ్చినట్టు కనిపించి, వెంటనే "డిస్‌కనెక్టెడ్" అని మాయమైతే, బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాము దాన్ని లాగేసుకుందేమో చూడండి. అది అంధుల కోసం బ్రెయిల్ తెరలను నడిపే ప్రోగ్రాము. కొన్ని బ్రెయిల్ తెరలు ఇదే మార్పిడి చిప్‌ను వాడతాయి కాబట్టి మీ కేంద్రాన్ని కూడా తనదే అనుకుంటుంది. ఉబుంటు 22.04లో ఎందరినో ముప్పుతిప్పలు పెట్టిన సంగతి ఇది. బ్రెయిల్ తెర వాడేవాళ్లు ఆ కంప్యూటర్ మీద ఎవరూ లేకపోతే ఆ ప్యాకేజీని తీసేయవచ్చు. ఉంటే తీసేయకండి, దాని యూడెవ్ నియమాల్లో (పరికరం తగిలించగానే ఏం చేయాలో లినక్స్‌కు చెప్పే ఫైళ్లలో) మీ చిప్ సంఖ్య ఉన్న పంక్తిని మాత్రం నిలిపివేయండి. మోడెమ్‌మేనేజర్ అనే మరో సర్వీసు కూడా కొత్త సీరియల్ పోర్టు కనిపించగానే అది మోడెమ్ ఏమోనని తట్టి చూస్తుంది. ఆ మెషీన్‌లో మోడెమ్ లేకపోతే దాన్ని ఆపేయండి.

రెండు సీరియల్ అడాప్టర్లు ఉన్నచోట రీబూట్ తర్వాత 0, 1 సంఖ్యలు తారుమారు కావచ్చు. అందుకే సెట్టింగుల్లో /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 బదులు /డెవ్/సీరియల్/బై-ఐడీ ఫోల్డర్‌లో కనిపించే పొడవాటి పేరును ఇవ్వడం నయం. చూడటానికి వికారంగా ఉన్నా అది మారదు.

అనుమతులు: అసలు గొడవ ఇక్కడే

కెర్నల్ చూస్తోంది, వీవెక్స్ చూడటం లేదు అంటే ముందు అనుమానించాల్సింది అనుమతులనే. లాగ్‌లో "ఎర్ర్‌నో" పక్కన ఉండే సంఖ్యను చూడండి. మాటల కంటే ఆ సంఖ్య కచ్చితం. 13 అంటే అనుమతి లేదు. 16 అంటే పరికరం ఇంకొకరి చేతిలో ఉంది. 19 అంటే పరికరమే పోయింది, తీగ ఊడిందో విద్యుత్తు చాలలేదో. 2 అంటే మీరు ఇచ్చిన పేరుతో పోర్టు లేదు.

13 వచ్చినప్పుడు సులభమైన దారి అన్నీ రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, నడపడం, లేదా పోర్టు మీద 777 అనుమతులు కొట్టడం. రెండూ వద్దు. రెండోది తీగ పీకి పెట్టగానే పోతుంది, ఎందుకంటే ఆ పోర్టు ఫైలు ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. మొదటిదానివల్ల ఇంకా పెద్ద చిక్కు, దాని సంగతి కాసేపట్లో.

సీరియల్ పోర్టు ఎవరి సొంతమో ఇలా తెలుస్తుంది:

ఎల్ఎస్ -ఎల్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0

డెబియన్ కుటుంబంలో ఆ పోర్టు సాధారణంగా డయల్‌అవుట్ అనే గ్రూపుకు చెందుతుంది, ఆర్చ్‌లో యూయూసీపీకి. వీవెక్స్‌ను నడిపే యూజర్‌ను ఆ గ్రూపులో చేర్చాలి. కొత్త వెర్షన్ల ప్యాకేజీలో ఆ యూజర్ పేరు కూడా వీవెక్సే. మీ పేరును చేర్చి సర్వీసు పనిచేయలేదని బాధపడకండి, సర్వీసు మీ పేరుతో నడవడం లేదు. పిప్ పద్ధతిలో మీ పేరుతోనే నడుపుతుంటే చేర్చాక ఒకసారి లాగౌట్ అయి రావాలి. ఐడీ అనే కమాండ్ కొడితే ఆ గ్రూపు పేరు కనిపించాలి, అప్పటిదాకా మార్పు అమల్లోకి రానట్టే.

ముడి యూఎస్‌బీ పరికరాలకు పోర్టు ఉండదు, వాటికి యూడెవ్ నియమం కావాలి. కొత్త ప్యాకేజీలు తమకు తెలిసిన కేంద్రాల నియమాలను తామే పెడతాయి. మీ కేంద్రం అందులో లేకపోతే /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ లో ఒక ఫైలు సృష్టించి, ఒకే పంక్తిలో ఈ సంగతులు రాయాలి: సబ్‌సిస్టమ్ యూఎస్‌బీ, ఐడీవెండర్‌కు సంఖ్యలో మొదటి సగం, ఐడీప్రోడక్ట్‌కు రెండో సగం, మోడ్ 0664, గ్రూపు వీవెక్స్. పోల్చే చోట, అంటే మొదటి మూడింటికి, రెండు ఈక్వల్ గుర్తులు. ఇచ్చే చోట, అంటే మోడ్‌కు, గ్రూపుకు, ఒకటే. ఒక్క గుర్తు తేడా వచ్చినా నియమం వర్తించదు. సంఖ్యల్లోని అక్షరాలు చిన్నవే కావాలి. ఫైలు పేరు చివర .రూల్స్ ఉండాలి. రాసి ఊరుకుంటే చాలదు, తీగను పీకి మళ్లీ పెట్టండి. నియమం పరికరం వచ్చిన క్షణంలోనే వర్తిస్తుంది.

ఇక రూట్ సంగతి. ఒకసారి చూద్దామని సుడోతో, అంటే రూట్ అధికారంతో, వీవెక్స్‌డీని నేరుగా నడిపితే నడుస్తుంది. కొలతలు వస్తాయి, పేజీలు తయారవుతాయి, మీరు సంతోషంగా ఆపేసి సర్వీసును మొదలుపెడతారు. వెంటనే "రీడ్‌ఓన్లీ డేటాబేస్" అనే లోపం. డేటాబేసు, పేజీలు రూట్ పేరుతో పుట్టాయి, వీవెక్స్ యూజర్ వాటిని ముట్టుకోలేదు. సరిచేయడం తేలికే:

సుడో చౌన్ -ఆర్ వీవెక్స్:వీవెక్స్ /వార్/లిబ్/వీవెక్స్ /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/హెచ్‌టీఎంఎల్/వీవెక్స్

ఇక్కడ -ఆర్ మాత్రం పెద్ద అక్షరం. పరీక్షగా నడపాలంటే సుడో -యు వీవెక్స్ వీవెక్స్‌డీ అని ఆ యూజర్ పేరుతోనే నడపండి. తెర మీద లూప్, రెక్ అనే పంక్తులు వరుసగా కనిపిస్తాయి. లూప్ అంటే పరికరం నుంచి అప్పటికప్పుడు వచ్చిన కొలత, రెక్ అంటే డేటాబేసుకు వెళ్లే రికార్డు. ప్యాకేజీ పద్ధతిలో రూట్‌గా ఒక్కసారి నడిపి ఏళ్ల డేటా ఉన్న ఫైలు యాజమాన్యాన్ని మార్చేసుకోవడం కంటే ఇది మేలు.

16 అనే సంఖ్య

పరికరం వేరొకరి చేతిలో ఉందంటే, ఆ వేరొకరు దాదాపు ఎప్పుడూ ఇంకో వీవెక్సే. డెబియన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాగానే సర్వీసు తనంతట తానే మొదలవుతుంది. ఆ సంగతి తెలియక టెర్మినల్‌లో రెండోదాన్ని నడిపితే ఒక ఒరలో రెండు కత్తులు ఇమిడ్చినట్టే. మొదట ప్యాకేజీ పెట్టి, తర్వాత పిప్‌తో ఇంకోటి పెట్టుకున్నవాళ్లదీ ఇదే పరిస్థితి.

పీఎస్ ఆక్స్ | గ్రెప్ వీవెక్స్‌డీ

గ్రెప్ తన పంక్తిని తానే చూపుకుంటుంది, దాన్ని వదిలేయండి. మిగిలినవాటిలో ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్‌తో సర్వీసును ఆపి, తర్వాతే చేతితో నడపండి.

రేడియో డాంగుల్‌తో ఆర్‌టీఎల్_433 అనే ప్రోగ్రాము ద్వారా సంకేతాలు పట్టేవాళ్లకు ఇంకో పోటీదారు ఉంటాడు. ఆ డాంగుల్‌ను కెర్నల్ టీవీ ట్యూనర్‌గా భావించి డీవీబీ_యూఎస్‌బీ_ఆర్‌టీఎల్28ఎక్స్ఎక్స్‌యూ అనే మాడ్యూల్‌కు అప్పగిస్తుంది. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ లో ఒక ఫైలు పెట్టి ఆ మాడ్యూల్‌ను బ్లాక్‌లిస్ట్ చేసి రీబూట్ చేస్తే డాంగుల్ విడుదలవుతుంది. వీవెక్స్‌ను కదపకముందే ఆర్‌టీఎల్_433ను ఒంటరిగా నడిపి సంకేతాలు వస్తున్నాయో చూసుకోండి.

పైథాన్ మాడ్యూళ్లు

"నో మాడ్యూల్ నేమ్డ్ యూఎస్‌బీ" లేదా "సీరియల్" అని వస్తే ఆ మాడ్యూల్ లేదని కాదు. వీవెక్స్‌ను నడుపుతున్న పైథాన్‌కు అది కనిపించడం లేదని అర్థం. ఒకే మెషీన్‌లో రెండు మూడు పైథాన్ వాతావరణాలు ఉండవచ్చు. ప్యాకేజీ పద్ధతి వ్యవస్థ పైథాన్‌ను వాడుతుంది కాబట్టి మాడ్యూళ్లను కూడా డెబియన్ ప్యాకేజీ మేనేజర్ ఏపీటీతోనే తెచ్చుకోండి: పైథాన్3-యూఎస్‌బీ, పైథాన్3-సీరియల్, ఖగోళ వివరాలు కావాలంటే పైథాన్3-ఎఫెమ్. పిప్ పద్ధతిలో అయితే ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసి, తర్వాత పిప్ ఇన్‌స్టాల్ చేయాలి. అక్కడ సుడో పిప్ అన్నారంటే మాడ్యూల్ వీవెక్స్‌కు కనిపించని గదిలోకి వెళుతుంది.

డెబియన్ 12 నుంచి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లేకుండా పిప్ నడిపితే "ఎక్స్‌టర్నలీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని నిరాకరిస్తుంది. దాన్ని బలవంతంగా దాటించే ఆప్షన్ ఒకటుంది, అందులో బ్రేక్ సిస్టమ్ అనే మాటలు పేరులోనే ఉన్నాయి. హెచ్చరికను పేరులోనే పెట్టినప్పుడు వినడం మంచిది. ఇలా చేయండి:

పైథాన్3 -ఎం వీఎన్వ్ ~/వీవెక్స్-వీఎన్వ్
సోర్స్ ~/వీవెక్స్-వీఎన్వ్/బిన్/యాక్టివేట్
పిప్ ఇన్‌స్టాల్ వీవెక్స్
వీసీటీఎల్ స్టేషన్ క్రియేట్

మొదటి పంక్తే విఫలమైతే పైథాన్3-వీఎన్వ్ ప్యాకేజీ లేదన్నమాట. "నో బ్యాకెండ్ అవైలబుల్" అనేది వేరే రోగం. పైథాన్ వైపు మాడ్యూల్ ఉంది, దాని కింద ఉండాల్సిన లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీ లేదు. దాన్ని మీ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ మేనేజర్‌తో తెచ్చుకోండి.

సెట్టింగుల ఫైలు

వీవెక్స్.కాన్ఫ్‌లో విభాగాల లోతును బ్రాకెట్ల సంఖ్య నిర్ణయిస్తుంది: ఒక జత బ్రాకెట్లు పై విభాగం, రెండు జతలు దాని ఉపవిభాగం. పంక్తి ముందు ఎన్ని ఖాళీలున్నాయన్నది లెక్కలోకి రాదు, అవి మన కంటి కోసమే. ఒక బ్రాకెట్ తగ్గితే ఆ ఉపవిభాగం వేరే ఇంటికి వెళ్లిపోతుంది, లోపం మాత్రం ఇంకెక్కడో కనిపిస్తుంది. ఇంకో ఉచ్చు కామా. ప్రాంతం పేరులో కామా ఉంటే మొత్తాన్ని డబుల్ కోట్లలో పెట్టాలి, లేకపోతే అది రెండు విలువల జాబితా అయిపోతుంది.

ఎత్తు దగ్గర మాత్రం కామా తప్పనిసరి: అంకె, కామా, ప్రమాణం. ఫుట్ లేదా మీటర్ అని. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. సముద్ర మట్టానికి సర్దిన పీడనాన్ని ఈ ఎత్తు ఆధారంగానే లెక్కిస్తారు. భూమికి దగ్గరలో దాదాపు 8 మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున పీడనం తగ్గుతుంది. 300 మీటర్ల ఎత్తులో ఉన్నవారు పొరపాటున 300 అడుగులు అని రాస్తే 200 మీటర్లకు పైగా తేడా వచ్చి, పీడనం సుమారు 25 హెక్టోపాస్కల్‌లు తక్కువ చూపుతుంది. పేజీలో చూస్తే తుపాను మీ ఇంటి మీదే ఉన్నట్టుంటుంది. ఏ లోపమూ లాగ్‌లో కనిపించదు. డేవిస్ కన్సోళ్లు ఈ లెక్కను తామే చేస్తాయి కాబట్టి వాటిలో ఎత్తును కన్సోల్‌లోనే సరిచేయాలి.

డేటాబేసు, ప్రమాణాలు

స్టాండర్డ్ కన్వర్ట్ విభాగంలో టార్గెట్_యూనిట్ అనే సెట్టింగ్ ఉంటుంది. మామూలుగా అది యూఎస్. సెల్సియస్ కావాలని దీన్ని మార్చేవాళ్లు పప్పులో కాలేసినట్టే. ఇది డేటాబేసులో దాచే ప్రమాణం, తెర మీద కనిపించేది కాదు. మొదటి రికార్డు పడ్డాక దీన్ని మారిస్తే, వచ్చిన రికార్డు ప్రమాణానికీ టేబుల్ ప్రమాణానికీ పొంతన లేదని వీవెక్స్ నిరాకరిస్తుంది. ఆ లోపం కనిపిస్తే సెట్టింగ్‌ను యథాతథంగా వెనక్కి పెట్టండి. తెర మీది ప్రమాణాలను స్టాండర్డ్ రిపోర్ట్ విభాగంలోని డిఫాల్ట్స్ కింద యూనిట్_సిస్టమ్‌తో మార్చుకోవచ్చు, దానివల్ల ఏ నష్టమూ లేదు. డేటాబేసునే మార్చాలని గట్టిగా అనుకుంటే వీసీటీఎల్ డేటాబేస్ రీకాన్ఫిగర్ అనే కమాండ్ కొత్త ప్రమాణంలో వేరే కాపీ తయారు చేస్తుంది.

పేజీ రాకపోతే

ముందు ఓపిక పట్టండి. రికార్డుల మధ్య మామూలు వ్యవధి 300 సెకన్లు. మొదలుపెట్టిన నిమిషానికే పేజీ లేదని అన్నిటినీ కెలికి, బాగానే ఉన్నదాన్ని చెడగొట్టుకోవడం కద్దు. ఆగలేకపోతే, ఒక్క రికార్డైనా డేటాబేసులో ఉన్నాక, వీసీటీఎల్ రిపోర్ట్ రన్ అని కొడితే నివేదికలు వెంటనే తయారవుతాయి. దీన్ని కూడా రూట్‌గా నడపకండి.

పేజీల ఫోల్డర్‌లో ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ ఉండి బ్రౌజర్‌లో రాకపోతే, వీవెక్స్‌తో పాటు వెబ్ సర్వర్ రాదన్న సంగతి గుర్తుచేసుకోండి. ఎన్‌జింక్స్ లేదా అపాచీని మీరే పెట్టుకోవాలి. పిప్ పద్ధతిలో పేజీలు హోమ్ డైరెక్టరీలో ఉంటాయి, అక్కడికి వెబ్ సర్వర్ యూజర్‌కు ప్రవేశం ఉండకపోవచ్చు. మొదట ఫైలునే నేరుగా బ్రౌజర్‌లో తెరిచి చూడండి.

గడియారం

రాస్ప్‌బెరీ పై 5కు ముందు వచ్చిన మోడళ్లలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వస్తే, ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకునేదాకా అది గతంలోనే ఉంటుంది. సమయం మరీ వెనుకబడి ఉంటే వీవెక్స్ "వెయిటింగ్ ఫర్ సేన్ టైమ్" అని లాగ్‌లో రాసి ఆగుతుంది. అది లోపం కాదు, వీవెక్స్ తీసుకునే ముందుజాగ్రత్త. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో సమయం, టైమ్‌జోన్, సింక్ సరిగా ఉన్నాయో చూడండి. ఇంటర్నెట్ లేని చోట పెట్టే కేంద్రానికి చిన్న ఆర్‌టీసీ (బ్యాటరీ గడియారం) మాడ్యూల్ జోడించడం తప్పదు.

బూట్ సమయంలో పరికరం ఆలస్యంగా మేల్కొని, వీవెక్స్ దాన్ని కనుగొనలేక చచ్చిపోతుంటే లూప్_ఆన్_ఇనిట్ విలువను 1 చేయండి. ఒకసారి విఫలమైతే ఊరుకోకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోర్టు పేరు తప్పుగా ఉన్నా ఇది ఓపికగా ప్రయత్నిస్తూనే ఉంటుంది కాబట్టి, అన్నీ ఒకసారి సవ్యంగా నడిచాకే దీన్ని పెట్టండి.

నడిచి నడిచి ఆగితే

కొన్ని రోజులు బాగా నడిచి హఠాత్తుగా కొలతలు ఆగిపోతే అది ఇన్‌స్టాలేషన్ లోపం కాకపోవచ్చు. ఫైన్ ఆఫ్‌సెట్, యాక్యురైట్ యూఎస్‌బీ కన్సోళ్లలో కొన్ని అప్పుడప్పుడు బిగుసుకుపోతాయి. వీవెక్స్‌ను, కంప్యూటర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా కదలవు, ఎందుకంటే కన్సోల్‌లోని బ్యాటరీలు దాన్ని అదే స్థితిలో ఉంచుతాయి. తీగ పీకి, బ్యాటరీలు కూడా తీసి, కాసేపాగి మళ్లీ పెట్టాలి. తరచూ జరుగుతుంటే విద్యుత్తు సొంతంగా అందే హబ్‌తో ప్రయత్నించి చూడవచ్చు. డేవిస్‌లో "అన్‌ఏబుల్ టు వేక్ అప్" అనే లోపం వస్తే లాగర్ కన్సోల్‌లో సరిగా కూర్చుందో లేదో చూసి, సీరియల్ వేగం 19200గానే ఉందో చూడండి.

ఇంత చూసినా తేలక ఎవరినైనా సాయం అడగాల్సి వస్తే, వీవెక్స్ వెర్షన్, ఇన్‌స్టాల్ చేసిన పద్ధతి, కేంద్రం మోడల్, డీబగ్ 1తో సర్వీసు మొదలైన క్షణం నుంచి మొదటి లోపం దాకా ఉన్న లాగ్ మొత్తం ఇవ్వండి. మీకు ముఖ్యమనిపించిన రెండు పంక్తులు కత్తిరించి పంపితే, అవతలివాళ్లు మొదట అడిగేది మిగతా లాగ్‌నే. పంపేముందు అందులోనూ వీవెక్స్.కాన్ఫ్‌లోనూ ఉండే పాస్‌వర్డ్‌లు, అప్‌లోడ్ కీలు చెరిపేయండి. పని అయ్యాక డీబగ్‌ను మళ్లీ 0 చేయడం మరవకండి. చిన్న మెమరీ కార్డు మీద నడిచే కేంద్రంలో ఆ లాగ్ కార్డును నింపడమే కాక, నిరంతర రాతలతో దాన్ని అరగదీస్తుంది.